మంగళగిరిలో పెళ్లి, శుభలేఖలో "అమరావతి": ఊరి పేరు ఏమైపోయింది?

గాలిగోపురం_నీడ
మా పక్కింటివాళ్ల అబ్బాయి పెళ్లి. ముహూర్తం, భోజనాలు అన్నీ మంగళగిరిలోనే. మండపం పాత బస్టాండు నుంచి నడిచి వెళ్లేంత దూరం. శుభలేఖ తెరిచి చూస్తే వేదిక కింద "అమరావతి" అని అచ్చేయించారు. ఇంటి చిరునామా దగ్గర "విజయవాడ దగ్గర" అని ఉంది. మంగళగిరి అన్న మాట కార్డు మొత్తం మీద ఒక్కచోటే కనిపించింది, పైన స్వామివారి బొమ్మ కింద, చీమ తలకాయంత అక్షరాల్లో. దేవుడు కావాలి, ఆయన ఊరు మాత్రం అక్కరలేదా? అడిగితే "బయటివాళ్లకు తెలియాలి కదండీ" అన్నారు. మంగళగిరి తెలియనివాళ్లు ఈ రాష్ట్రంలో ఎవరండీ? మీ వీధుల్లోనూ ఇదే వరసా?

కాజ_టోల్‌గేటు
మా మేనమామ స్థలం అమ్మేటప్పుడు "రాజధాని నడిబొడ్డు" అన్నాడు. అదే స్థలానికి పన్ను కట్టమంటే "పల్లెటూరండీ, ఇక్కడేముంది" అన్నాడు. మీరు శుభలేఖ దగ్గరే ఆగిపోయారు.

బ్రాడీపేట_బాబాయి
అమరావతి సంగతి తర్వాత చూద్దాం. "విజయవాడ దగ్గర" ఎందుకు రాయాలి? మధ్యలో అంత కృష్ణానది ఉంది, జిల్లా కూడా వేరు. మంగళగిరి గుంటూరు జిల్లా ఊరు. సొంత జిల్లాను వదిలేసి ఏటి అవతలివాళ్లతో వియ్యం ఏమిటి?

కాజ_టోల్‌గేటు
బాబాయి గారూ, గుంటూరు వెళ్లాలంటే దారిలో కాజ దగ్గర టోలు కట్టాలి. విజయవాడ వైపు దూరమూ తక్కువే, టోలూ లేదు. వియ్యం ఎటు కుదురుతుందో మీరే చెప్పండి.

నవులూరు_రైతుబిడ్డ
మొదటి పోస్టు పెట్టినవారికి ఒక మాట. మీకు అమరావతి అన్న పేరు వింటే ఒళ్లు మండుతున్నట్టుంది, మాకు అలా కాదు. రాజధానికి ఎంపిక చేసిన 29 గ్రామాల్లో నవులూరు, ఎర్రబాలెం, బేతపూడి, నిడమర్రు, కురగల్లు, కృష్ణాయపాలెం మంగళగిరి మండలానివే. మా నాన్న భూసమీకరణలో పొలం ఇచ్చాడు. మల్లెతోటలు వేసిన నేల అది. ఆ తర్వాత రాజధాని ఉందో లేదో తెలియక ఎన్నేళ్లు నలిగిపోయామో మాకు తెలుసు. మా చెల్లెలి పెళ్లికార్డులో "నవులూరు, అమరావతి" అని పెద్ద అక్షరాలతో వేయించాం. అది గొప్ప కోసం కాదు. ఆ పేరుకు మేం ధర చెల్లించాం.

గాలిగోపురం_నీడ
నవులూరు గారూ, మీరు రాసుకుంటే నాకు ఒక్క ముక్క అభ్యంతరం లేదు, మీకు హక్కుంది. నేను అంటున్నది మిద్దె సెంటరులో పుట్టి, మిద్దె సెంటరులో పెరిగి, పెళ్లికార్డులో మాత్రం ఊరు మార్చుకునేవాళ్ల గురించి.

కొత్తగా_వచ్చినవాడు
నేను విశాఖ నుంచి వచ్చి ఇక్కడ హైవే పక్క అపార్టుమెంటులో ఉంటున్నాను. మా వాళ్లకు మంగళగిరి అంటే "ఎయిమ్స్ ఉన్న ఊరే కదా" అంటారు. ఒకరిద్దరు "చీరల ఊరు" అంటారు. పేరు బాగానే తెలుసు. అయినా మా అపార్టుమెంటు గేటు మీద కూడా అమరావతి అనే ఉంది. నేను పార్శిల్ తెప్పించుకునేటప్పుడు 522503 వేస్తే అది ఏ పేరుతో రాసినా మంగళగిరికే వస్తోంది. తపాలా శాఖకు ఉన్న స్పష్టత మనకు లేదు.

తాడేపల్లి_తాతయ్య
మీ బాధ మీకు. 2021లో రెండు పురపాలక సంఘాలనూ, చుట్టుపక్కల పల్లెలనూ కలిపి "మంగళగిరి తాడేపల్లి నగరపాలక సంస్థ" అన్నారు. పేరులో మాది రెండోది. పలికేటప్పుడు మంగళగిరి దగ్గరే ఊపిరి అయిపోయి ఆపేస్తారు. కృష్ణ ఒడ్డున ఉన్నది మేము, ఉండవల్లి గుహలు మా పక్కన, బ్యారేజీ దాటగానే కనబడేది మేము. మా పేరు మింగేసినవాళ్లు ఇప్పుడు తమ పేరు ఎవరో మింగేశారని ఏడవడం చూస్తుంటే ముచ్చటగా ఉంది.

కాజ_టోల్‌గేటు
తాతయ్య గారు ఇన్నాళ్లూ దాచుకున్న మాట ఇవాళ బయటపడింది.

బ్రాడీపేట_బాబాయి
తాడేపల్లి గారికి నా ఓటు.

శాసనాల_సుబ్బడు
అమరావతి, మంగళగిరి అని కొట్టుకునేవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. మన లక్ష్మీనరసింహస్వామి గుడి గాలిగోపురం కట్టించిన జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడే చింతపల్లి వదిలి అమరావతిని తన రాజధాని చేసుకున్నాడు. అంటే ఆయన కాలంలోనే రాజధాని అక్కడ, గోపురం ఇక్కడ. 1807-09 మధ్య కట్టించాడు. పదకొండు అంతస్తులు, 153 అడుగులు. చెంచుల ఊచకోత పాపం పోవడానికి ఇలా గుళ్లూ గోపురాలూ కట్టించాడని చెబుతారు. ఊళ్లో మరో కథ కూడా ఉంది. కట్టడం పూర్తయ్యాక గోపురం ఒక పక్కకు ఒరిగిందట. కాంచీపురం నుంచి శిల్పులను పిలిపిస్తే, ఎదురు దిశలో కోనేరు తవ్వించమన్నారట. తవ్వగానే గోపురం నిటారుగా నిలబడిందట. కథ నిజమో కాదో గాని, అంత బరువు మోసే నేల గురించి ఆ రోజుల్లో ఎవరో ఆలోచించారన్నది మాత్రం నాకు నచ్చుతుంది. ఇప్పుడు నాలుగంతస్తుల అపార్టుమెంటు కట్టేవాళ్లు అంత ఆలోచిస్తున్నారా?

ఇంకా వెనక్కి వెళ్తే, కృష్ణదేవరాయలు 1515లో కొండవీడు గెలిచిన సంగతి చెప్పే శాసనం మంగళగిరిలోనే ఉంది. గెలిచినవాళ్లు తమ మాట చెక్కించుకోవడానికి వెతుక్కుంటూ వచ్చిన ఊరు ఇది. దీన్ని "ఫలానా ఊరి దగ్గర" అని రాస్తారా!

గాలిగోపురం_నీడ
సుబ్బడు గారూ, మీ చివరి రెండు వాక్యాలు కొట్టేస్తున్నాను. పెళ్లిలో పక్కింటాయనకు వినిపించాలి.

ఎర్రబాలెం_అత్తయ్య
పెళ్లికి పిలిచిన పాపానికి ఆయనకు శాసనాలు వినిపిస్తారా? అక్షింతలు వేసి, భోంచేసి రండి నాయనా.

నాడె_కండె
పేరు పోయిందని అందరూ గోపురం వైపే చూస్తున్నారు. పేరు అసలు అరిగిపోతున్నది మా వీధిలో. మాది నేత కుటుంబం. మా నాన్నది గుంట మగ్గం. చీర ఒంటి మీద బుటా ఉండదు, పువ్వు ఉండదు. అంచున జరీతో నిజాం బోర్డరు, అంతే. ఆ సాదాతనమే మంగళగిరి చీర అందం. దీనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇప్పుడు ఏ ఊరి దుకాణానికి వెళ్లినా "మంగళగిరి" అన్న చీటీ అంటించిన మరమగ్గం బట్ట సగం ధరకు దొరుకుతుంది. మా ఊరి పేరు మేం తప్ప అందరూ వాడుకుంటున్నారు.

వానాకాలం వస్తే మగ్గం గుంటలోకి నీరు ఊరుతుంది. నాన్న చెంబుతో తోడి పోసి, గుంటలో గోనెపట్టా పరుచుకుని కూర్చుంటాడు. కాళ్లు చల్లబడి తొక్కుడు కర్రలు సరిగా పడకపోతే పోగు తెగుతుంది. తెగిన పోగును రెండు వేళ్ల మధ్య మెలిపెట్టి అతికించి మళ్లీ నాడె విసురుతాడు. కొన్నవాళ్లకు ఆ ముడి చేతికి కూడా తగలదు. ఆ చీరను పక్కన పెట్టి "ఇది బాగా ఖరీదండీ, అక్కడ ఇంతకే ఇస్తున్నారు" అంటారు. శుభలేఖలో ఊరి పేరు ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి? పెళ్లికూతురికి పెట్టే చీర ఎక్కడ కొన్నారో అడగండి.

టెక్సాస్_తమ్ముడు
నాడె అన్నయ్యా, ఇక్కడ ఉగాది సంబరాలకు మా ఆవిడ మంగళగిరి చీర కట్టుకుంది. "పెద్ద పండగకి నూలు చీరా" అని మూతి విరిచినవాళ్లే, భోజనాలయ్యాక ఎక్కడ కొన్నావంటూ చుట్టూ మూగారు. నాకూ ఒక సందేహం. అసలుదో కాదో తెలుసుకోవడం ఎలా? అంచుల వెంట చిన్న చిన్న రంధ్రాలు ఉంటే చేనేత అని మా అమ్మ చెప్పేది.

నాడె_కండె
తమ్ముడూ, ఆ రంధ్రాలు బట్ట ముడుచుకోకుండా అడ్డంగా సాగదీసి పట్టే బద్ద వల్ల పడతాయి. అమ్మ చెప్పింది ఒకప్పటి మాట. మరమగ్గం మీద కూడా బట్టను లాగి పట్టే ముళ్లు ఉంటాయి, దానికీ గుర్తులు పడతాయి. అదొక్కటే చూసి మోసపోవద్దు. చేనేత గుర్తు చీటీ ఉందేమో చూడండి. సహకార సంఘంలోనో, నేసినవాళ్ల దగ్గరో కొనండి. బట్టను వెలుతురుకు ఎత్తి చూస్తే చేతి నేతలో దెబ్బ దెబ్బకూ కాస్త తేడా కనిపిస్తుంది. మరీ ఒక్క తీరుగా ఉంటే అనుమానించండి.

ఎర్రబాలెం_అత్తయ్య
మా చిన్నప్పుడు తెల్లవారకముందే వీధి పొడవునా పడుగు పరిచి, గంజి పెట్టి కుంచెతో దువ్వేవాళ్లు. మేం బడికి వెళ్తూ దాన్ని తొక్కామంటే వీపు విమానం మోత మోగేది. ఇప్పుడు ఆ వీధిలో కారు పెట్టుకోవడానికే చోటు లేదు, పడుగు ఎక్కడ పరుస్తారు?

కొత్తగా_వచ్చినవాడు
నాడె గారూ, మీ నాన్నగారి దగ్గర నేరుగా కొనవచ్చా? మా అపార్టుమెంటులో దసరాకు అందరూ చీరలు తెప్పించుకుంటారు. ఇంత దగ్గర ఉండి వేరే ఊరి నుంచి తెప్పించుకుంటున్నామని ఇప్పుడే అర్థమవుతోంది.

నాడె_కండె
తప్పకుండా. విడిగా సందేశం పంపుతాను. మా ఇంట్లో అన్ని రంగులూ దొరకవు, పక్క ఇళ్లవాళ్లవి కూడా చూపిస్తాను. దసరా అంటే మాత్రం ముందే చెప్పాలి. మగ్గం మీటనొక్కితే దింపేది కాదు.

చీమలు_రాని_కొండ
ఇంత చర్చలో మన కొండ మీద పానకం తాగే పానకాలస్వామి గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. బిందెల కొద్దీ బెల్లం నీళ్లు రోజూ అక్కడ ఒలికిపోతూ ఉంటాయి, ఒక్క చీమ రాదు, ఒక్క ఈగ వాలదు. ఏ ఊరికి ఉంది ఈ మహిమ? శంఖంతో పానకం పోస్తుంటే స్వామి గుటకలు వేసిన చప్పుడు మన చెవులకు వినిపిస్తుంది. సగం తాగి సగం మనకు వదులుతాడు. చిన్న బిందె పోసినా సగమే, పెద్ద బిందె పోసినా సగమే.

కాజ_టోల్‌గేటు
సగం తీసుకుని సగం వదిలే పద్ధతి మా ఊరి టోలు వాళ్లకు తెలియదు.

రాళ్ల_మాస్టారు
మహిమ జోలికి నేను వెళ్లను. ఒక్కటి మాత్రం ఆపండి. ఆ కొండ ఒకప్పుడు అగ్నిపర్వతమనీ, లోపల గంధకం ఉందనీ, బెల్లం నీళ్లు దాన్ని చల్లబరుస్తాయనీ ప్రతి సెలవులకూ ఎవరో ఒకరు నాకు పంపిస్తారు. ఇవి తూర్పు కనుమల రాళ్లు. ఖొండలైటు అంటాం. కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ మారిన శిలలు. అగ్నిపర్వతం నోటి నుంచి వచ్చినవి కావు. భక్తి ఉన్నవాళ్లు భక్తితో పోయండి, శాస్త్రం పేరు చెప్పి పోయకండి.

చీమలు_రాని_కొండ
మాస్టారూ, అగ్నిపర్వతం అని నేను అనలేదు. మరి చీమలు ఎందుకు రావో చెప్పండి.

రాళ్ల_మాస్టారు
నేను రాళ్ల మాస్టారిని, చీమల మాస్టారిని కాను.

టెక్సాస్_తమ్ముడు
ఈ ఒక్క జవాబు కోసం రాత్రి ఒంటిగంట దాకా మేలుకుని చదివినందుకు ఫలితం దక్కింది.

నవులూరు_రైతుబిడ్డ
మాస్టారు మా బడిలో పాఠం చెప్పినవారే అనుకుంటాను. అప్పుడూ ఇలాగే తప్పించుకునేవారు.

తాడేపల్లి_తాతయ్య
ఊరి గొప్పలు బాగానే ఉన్నాయి. తిరునాళ్ల నాడు మాత్రం మీ ఊళ్లోకి రావడం నరకం. కిందటి ఏడు రథం చూద్దామని బయలుదేరి, హైవే దిగిన దగ్గర ఇరుక్కుపోయాం. మనవడు కారులోనే నిద్రపోయాడు. రథం మాకు కనిపించలేదు, రథం వెళ్లిపోయాక దారి మాత్రం కనిపించింది.

ఎర్రబాలెం_అత్తయ్య
అన్నయ్య గారూ, రథం నాడు కారులో రావడమేమిటి? ఫాల్గుణ చతుర్దశి రాత్రి కల్యాణం, మర్నాడు పున్నమికి రథం. ఇది తెలియని ఇల్లు చుట్టుపక్కల ఉంటుందా? ఆ పూట ఊరంతా కాలినడకే. మేం ఎర్రబాలెం నుంచి నడిచే వచ్చేవాళ్లం. ఇప్పుడు మోకాళ్లు సహకరించక పిల్లవాడు బండి మీద ఊరి మొదట్లో దింపుతాడు, అక్కడి నుంచి నడుస్తాను.

మీరు చూడలేదు కాబట్టి చెబుతాను. అందరూ రథం మీద ఉత్సవమూర్తులను చూస్తారు, నేను చక్రాల దగ్గరివాళ్లను చూస్తాను. మోకులు పట్టి వందల మంది లాగుతుంటే ముందున్నవాళ్లకు వెనక ఏమవుతోందో తెలియదు. చక్రం పక్కన కొయ్య దిమ్మె పట్టుకుని వంగి నడిచే మనుషులు ఉంటారు. రథం ఒక పక్కకు లాగితే ఆ పక్క చక్రం కింద దిమ్మె వేసి తిప్పుతారు, ఆపాలంటే రెండు పక్కలా వేస్తారు. క్షణం ఆలస్యమైనా చెయ్యి పోతుంది. గోవింద నామం మారుమోగుతుంటే వాళ్లు మాత్రం నోరు మెదపరు, కళ్లు చక్రం మీదే. మా పెదనాన్న ఆ పని చేసేవాడు. ఇంటికి వచ్చాక కూడా చాలాసేపటి దాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. పీట మీద కూర్చుని మజ్జిగ తాగేవాడు, అంతే.

శాసనాల_సుబ్బడు
అత్తయ్య గారూ, ఇది పుస్తకాల్లో లేదు. ఇంకా రాయండి.

ఎర్రబాలెం_అత్తయ్య
పొయ్యి మీద పప్పు ఉంది నాయనా. ఇంకోసారి.

బ్రాడీపేట_బాబాయి
అత్తయ్య గారి పోస్టు చదివాక నా కోపం తగ్గింది. ఈసారి పున్నమికి రైలులో వస్తాను. గుంటూరు, విజయవాడ మధ్య తిరిగే పాసింజరు బండ్లు మంగళగిరిలో ఆగుతాయి, టోలు కట్టనక్కరలేదు.

కాజ_టోల్‌గేటు
రండి బాబాయి గారూ, స్టేషనుకు నేనే వస్తాను. వియ్యం మళ్లీ మాట్లాడుకుందాం.

గాలిగోపురం_నీడ
నిన్న పెళ్లి అయింది. పక్కింటాయనను శాసనంతో కొట్టలేదు, అత్తయ్య గారి మాట విన్నాను. ఒక్కటి మాత్రం చెప్పాలి. హైదరాబాదు నుంచి వచ్చిన ఆడపెళ్లివారు కార్డులో అమరావతి అని చూసి, ఫోనులో దారి పెట్టుకుని, నేరుగా అమరేశ్వరాలయం ఉన్న పాత అమరావతి ఊరికి వెళ్లిపోయారు. అక్కడ అడిగితే ఈ మండపం ఎవరికీ తెలియదు. మళ్లీ వెనక్కి తిరిగి ఇక్కడికి చేరేసరికి ముహూర్తం దాటడానికి కాస్తే మిగిలింది. పురోహితుడు గడియారం వైపు చూస్తూ మంత్రాల వేగం పెంచాడు.

కాజ_టోల్‌గేటు
"బయటివాళ్లకు తెలియాలి కదండీ."

నవులూరు_రైతుబిడ్డ
ఇందులో నేను మీ పక్షమే. మండపం ఉన్న ఊరు రాయాలి. మా చెల్లి కార్డులో నవులూరు కూడా ఉంది కాబట్టి ఎవరూ తప్పిపోలేదు, గమనించగలరు.

కొత్తగా_వచ్చినవాడు
పిన్‌కోడు వేసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

తాడేపల్లి_తాతయ్య
ఆ దారిలో రెండుసార్లు మా తాడేపల్లి మీదుగానే వెళ్లి ఉంటారు. ఆగి అడిగితే మేం చెప్పేవాళ్లం.

హైదరాబాద్_అల్లుడు
చర్చ మొత్తం చదివాను. మా అత్తగారిది మంగళగిరి. వచ్చే వారం మా అమ్మానాన్నలను తీసుకుని వస్తున్నాను. ఇద్దరికీ మెట్లు ఎక్కడం కష్టం. శనివారం సాయంత్రం కొండ మీద దర్శనం, పానకం అనుకుంటున్నాం. కుదురుతుందా? చీరలు కూడా చూడాలి.

చీమలు_రాని_కొండ
సాయంత్రం కుదరదు బాబూ. కొండ మీద పానకాలస్వామి గుడి మధ్యాహ్నం మూడు గంటలకే మూసేస్తారు, రాత్రిళ్లు దేవతలు వచ్చి పూజిస్తారని నమ్మకం. పొద్దున్నే వెళ్లండి. మెట్ల బాధ లేదు, గుడి దాకా ఘాట్ రోడ్డు ఉంది, పెద్దవాళ్లను కారులో తీసుకెళ్లవచ్చు. సాయంత్రం కింద లక్ష్మీనరసింహస్వామి గుడికి వెళ్లండి, గాలిగోపురం అక్కడే. శిఖరం మీద గండాల నరసింహస్వామి దగ్గరికి మాత్రం పెద్దవాళ్లను తీసుకెళ్లే ప్రయత్నం చేయకండి.

నాడె_కండె
చీరలకు శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక రండి. అప్పుడు నాన్న మగ్గం దిగి ఉంటాడు, తీరిగ్గా చూపిస్తాడు. ఆదివారమైతే వద్దు, కొత్తగా వచ్చినవారి అపార్టుమెంటు నుంచి చాలామంది వస్తామన్నారు.